ఢిల్లీ దర్గాల దారిలో: బసంత్ పండగ నుంచి సర్మద్ సమాధి దాకా

బుధవారం, నిజాముద్దీన్ బస్తీ

బసంత్, అంటే వసంతం పండగ, చూడాలంటే మధ్యాహ్నం మూడు గంటలకల్లా సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దర్గా ఉన్న బస్తీలో ఉండాలి. సాయంత్రానికి ముందు చేసే అసర్ నమాజు అయ్యాక ఊరేగింపు కదులుతుంది, ఆ తర్వాత సందుల్లో కాలు మోపే చోటు ఉండదు. దర్గాలో బసంత్ ఏ రోజున చేస్తారో పంచాంగం చూసి మనమే తేల్చుకోకూడదు. దర్గా గురువుల వంశస్థులైన పీర్‌జాదాలనో, సందులో పూలమ్మేవాళ్ళనో ముందుగా అడిగి ఖాయం చేసుకోవాలి.

లోధీ రోడ్డు చివర పోలీసు స్టేషన్ పక్క నుంచి సందులోకి దిగితే మొదట కనిపించేది ఇస్లాం ప్రచార సంస్థ తబ్లీగీ జమాత్ కేంద్రం, మర్కజ్. పరుపు చుట్టలు భుజాన వేసుకుని దేశదేశాల వాళ్ళు వచ్చిపోతుంటారు. సమాధుల దగ్గర మొక్కుకోవడాన్నీ పాటలు పాడడాన్నీ అక్కడివాళ్ళు ఒప్పుకోరు. ఇంకాస్త ముందుకెళితే ఉర్దూ కవి గాలిబ్ సమాధి, దాని తర్వాత అత్తరు, తస్బీహ్‌లు, టోపీల కొట్లు, ఆ పైన గులాబీ రేకుల వాసన. రోజుకి అయిదుసార్లు వినబడే అజాన్ రెండు వైపుల వాళ్ళకీ ఒకటే, టీ తాగే కొట్టు కూడా ఒకటే. మతాల మధ్య సంభాషణ గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ సందు చూడాలి. ఒకే మతం లోపల ఇంత పెద్ద అభిప్రాయభేదాన్ని పెట్టుకుని పక్కపక్కనే బతకడం చిన్న విషయం కాదు.

పూలకొట్ల వాళ్ళు "చెప్పులు ఇక్కడ పెట్టండి, డబ్బులేం వద్దు" అని పిలుస్తారు. పెట్టాక పూలబుట్ట కొనక తప్పదు. చిన్న బుట్ట 50 రూపాయలు, సమాధి మీద కప్పే చాదర్ 200 నుంచి మొదలు. కొనే ఉద్దేశం లేకపోతే ఒక గుడ్డసంచి తెచ్చుకుని చెప్పులు అందులో వేసుకుని చంకన పెట్టుకోవడం నయం, ఎవరూ ఏమీ అనరు. మగవాళ్ళకి టోపీ గానీ చేతిరుమాలు గానీ, ఆడవాళ్ళకి దుపట్టా గానీ కొంగు గానీ తలమీద ఉండాలి. బసంత్ రోజున పసుపు కండువాలు 40 రూపాయలకి, ఆవపూల కట్టలు 20కి అమ్ముతారు. ఆ పూలు ఢిల్లీ చుట్టుపక్కల చేలల్లోంచి ఆ పొద్దుటే కోసినవి. కాడ విరిస్తే ఇంకా పచ్చి ఆవ ఘాటు వేళ్ళకి అంటుకుంటుంది.

పండగ వెనక కథ ఇది. నిజాముద్దీన్ ఔలియా ఎంతో ఇష్టపడిన మేనల్లుడు తఖీయుద్దీన్ నూహ్ చనిపోయాడు. గురువు మాట్లాడడం, నవ్వడం మానేశారు. శిష్యుడైన కవి అమీర్ ఖుస్రోకి ఏం చెయ్యాలో తోచలేదు. ఒకరోజు పసుపు బట్టలు కట్టుకుని, ఆవపూలు పట్టుకుని, పాడుకుంటూ కాల్కాదేవి గుడికి వెళుతున్న ఆడవాళ్ళు కనిపించారు. ఇదేమిటని అడిగితే, దేవికి వసంతం తెచ్చి ఇస్తున్నామన్నారు. ఖుస్రో తనూ పసుపు చీర చుట్టుకుని, ఆవపూలు పట్టుకుని, అదే తీరులో పాడుకుంటూ గురువు ముందు నిలబడ్డాడు. గురువు నవ్వారు. దర్గాలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది, రాతలో సాక్ష్యం వెతికితే దొరకదు. కానీ గుడికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న వేడుకని దర్గా ఈనాటికీ ఏటా జరుపుతోంది. అందులో దాపరికం లేదు. కథ చెప్పేవాళ్ళు కాల్కా గుడి పేరు కూడా మింగకుండా చెబుతారు.

ఊరేగింపులో కవ్వాళ్ళు, అంటే కవ్వాలీ అనే సూఫీ పాటలు పాడేవాళ్ళు, నడుస్తూ పాడతారు. డోలక్ మెడకి తగిలించుకుని ఒకరు, వెనక చప్పట్లతో ఆరేడుగురు. సందు మలుపు తిరిగినప్పుడల్లా ముందువాళ్ళ గొంతూ వెనకవాళ్ళ గొంతూ విడిపోయి, వెడల్పు చోటుకి రాగానే మళ్ళీ కలుస్తాయి. అడివంతా ఆవపూలు విరగబూశాయనే పాట ప్రధానం. ఖుస్రోదని అందరూ అంటారు గానీ హిందవీలో, అంటే ఆనాటి హిందీలో, ఆయన పాటలన్నీ నోటి ద్వారా వచ్చినవే. తన మూడో దీవాన్, అంటే కవితల సంపుటి, ముందుమాటలో ఖుస్రో తనే, హిందవీ కవిత్వం కొంత రాసి మిత్రులకి పంచేశానని చెప్పుకున్నాడు. పంచినది మిత్రుల నోళ్ళలో ఎంత మారిందో ఎవరు చెప్పగలరు?

లోపలికి వెళ్ళాక వరస ముఖ్యం. ముందు ఖుస్రో సమాధికి వెళ్ళాలి, తర్వాతే గురువు దగ్గరికి. శిష్యుడి అనుమతి లేకుండా గురువుని చూడకూడదని అక్కడి పద్ధతి. ఇద్దరూ 1325లోనే పోయారు, గురువు వెళ్ళిన ఆరు నెలలకి శిష్యుడు. గడప తొక్కకుండా దాటాలి. బయటికి వచ్చేటప్పుడు సమాధికి వీపు చూపకుండా వెనక్కి అడుగులు వేస్తూ రావాలి. గుంపులో ఇది కష్టమే, అందుకని ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ రావాలి. లోపల గదిలోకి ఆడవాళ్ళని రానివ్వరు. వాళ్ళు పాలరాతి జాలీ బయట కూర్చుని చూస్తారు, దారాలు కడతారు, ఖురాన్ చదువుకుంటారు. నిజాముద్దీన్‌ని పెంచింది తల్లి బీబీ జులేఖా. తల్లి పేరు చెబితే ఆయన కళ్ళు చెమర్చేవంటారు. అలాంటి మనిషి సమాధి దగ్గర ఆడవాళ్ళకి జాలీ అవతలి చోటు మిగలడం మాకు సబబుగా అనిపించలేదు.

దర్గా సేవకులైన ఖాదిములు పెద్ద రిజిస్టర్ పుస్తకం తెరిచి, పైన ఎవరో 1100, 2100 ఇచ్చినట్టున్న పేజీ చూపిస్తారు. మొహమాటపడక్కర్లేదు. ఇవ్వగలిగినంత హుండీలో వేసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని సలాం చెబితే వాళ్ళూ సలాం చెప్పి వదిలేస్తారు.

రెండు సమాధుల మధ్య, గుంపు పట్టించుకోని చోట, జహానారా సమాధి ఉంది. షాజహాన్ కూతురు, దారా షికోహ్ అక్క, నిజాముద్దీన్ పరంపర అయిన చిష్తీ సూఫీ గురువుల జీవితాలు రాసిన మనిషి. 1681లో పోయింది. చుట్టూ పాలరాతి జాలీ, మధ్యలో సమాధి పైభాగం తొట్టిలా తెరిచి ఉంటుంది, అందులో మట్టి, మట్టిలో గడ్డి. నా సమాధిని పచ్చిక తప్ప మరేదీ కప్పకూడదని తలాపున రాతి మీద ఫారసీలో చెక్కి ఉంది. ఆ రోజు ఎవరో ఆవపూల కాడ ఒకటి ఆ గడ్డిలో గుచ్చి వెళ్ళారు.

తెలుగువాళ్ళు ఖుస్రో సమాధి దగ్గర రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. 1318లో రాసిన నుహ్ సిపిహ్ర్‌లో ఆయన హిందుస్తాన్ భాషల జాబితా ఇచ్చాడు. సింధీ, కాశ్మీరీ, బెంగాలీ, అవధీ పక్కన తిలంగీ ఉంది, అంటే మన తెలుగు. అదే కావ్యంలో బ్రాహ్మణుల పాండిత్యాన్ని, వాళ్ళు దేవుడొక్కడే అని నమ్మడాన్ని మెచ్చుకున్నాడు. అదే ఖుస్రో అంతకుముందు ఖజాయినుల్ ఫుతూహ్‌లో ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు ముట్టడిని వర్ణించాడు. బయటి మట్టికోట ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదని రాశాడు, ప్రతాపరుద్రుడి లొంగుబాటునీ ఏనుగుల కప్పాన్నీ పండగలా చెప్పాడు. ఆ పుస్తకంలో హిందువుల గురించి వాడిన మాటలు చదివితే మనసు కష్టపెట్టుకుంటుంది. సుల్తాన్ల కొలువులో జీతం తిన్న కవీ, ఫకీరు గుమ్మంలో కూర్చున్న శిష్యుడూ ఒకే మనిషి. రెండోవాణ్ణి ప్రేమించడానికి మొదటివాణ్ణి దాచిపెట్టనక్కర్లేదు.

రాత్రి తిండి సందులోనే. దర్గా వాకిట్లో హల్వా పరాఠా తప్పకుండా తినాలి. చాప అంత పరాఠాని పెద్ద మూకుడులో వేయించి, ముక్కలుగా చింపి, తూకం వేసి, పైన నారింజరంగు రవ్వ హల్వా వేసి ఇస్తారు. పావు కిలో 60 రూపాయలు, ఇద్దరికి సరిపోతుంది. వేడి మీదే తినాలి, చల్లారితే పరాఠా తోలులా సాగుతుంది.

గురువారం, చిల్లా, హుమాయూన్ సమాధి, సాయంత్రం కవ్వాలీ

నిజాముద్దీన్ బతికిన చోటు దర్గా కాదు. ఆయన ఖాన్‌ఖా, అంటే ఆశ్రమం, నలభై రోజుల ఏకాంత ధ్యానం, అంటే చిల్లా, చేసిన గది హుమాయూన్ సమాధి ప్రహరీకి ఈశాన్యం మూలన ఉన్నాయి. అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ, ఆటోవాళ్ళకీ తెలియదు. చిల్లా అంటే ఆటో నేరుగా దమ్‌దమా సాహిబ్ గురుద్వారా దగ్గర దింపేస్తుంది. దిగడం మంచిదే అయింది. 1707లో గురు గోబింద్ సింగ్, మొగల్ చక్రవర్తి బహదూర్ షా కలుసుకున్న చోటు అది. ఉచిత భోజనం పెట్టే లంగర్‌లో మినప్పప్పు, రోటీ, పల్చటి ఖీర్ పెట్టారు. సేవ చేస్తున్న పెద్దాయనని దారి అడిగితే, చేతి తడి తుడుచుకుంటూ గేటు దాకా వచ్చి, "గోడ పట్టుకుని వెళ్ళండి, ఔలియా గారి ఇల్లు అదే" అని చూపించాడు. సమాధి అనలేదు, ఇల్లు అన్నాడు.

చిల్లా చిన్నది. తాళం వేసి ఉంటే పక్కవాళ్ళని అడిగితే ఎవరో ఒకరు వచ్చి తీస్తారు. అప్పట్లో యమున ఈ గోడ పక్కనే పారేది. ఒక తెల్లవారుజామున నిజాముద్దీన్ మిద్దె మీద నిలబడి, నదిలో స్నానాలు చేసి పూజలు చేసుకుంటున్న హిందువులని చూసి, ప్రతి జాతికీ ఒక సరైన దారి, ఒక ధర్మం, మొక్కుకునే ఒక దిక్కు ఉన్నాయని ఒక పాదం అన్నారట. అప్పుడాయన టోపీ కాస్త పక్కకి వాలి ఉంది. ఖుస్రో వెంటనే, నేను మాత్రం ఆ వాలు టోపీ వైపే నా దిక్కు సరిచేసుకున్నాను అని రెండో పాదం పూర్తిచేశాడు. ఈ సంఘటనని జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో రాశాడు. రాయడానికి కారణం వేరే. కొలువులో కవ్వాళ్ళు ఆ పద్యం పాడితే, అర్థం ఏమిటని చక్రవర్తి అడిగాడు. ముద్రలు చెక్కే ముల్లా అలీ అహ్మద్ లేచి ఈ కథ చెబుతూ, రెండో పాదం దగ్గరికి వచ్చేసరికి కుప్పకూలి ప్రాణం వదిలాడు.

ఈ పద్యాన్ని ఇప్పుడు సభల్లో అన్ని మతాలూ ఒకటే అనడానికి వాడుతుంటారు. నిజాముద్దీన్ అలా అన్నట్టు కనబడదు. శిష్యుడు అమీర్ హసన్ ఆయన మాటలని ఎప్పటికప్పుడు రాసుకున్న ఫవాయిదుల్ ఫువాద్ చూస్తే, ఆయన నమాజు, ఉపవాసం తప్పని ముసల్మాను. కానీ అదే పుస్తకంలో, పడుచు వయసులో గురువు బాబా ఫరీద్ దగ్గర అజోధన్‌లో ఒక యోగి కలిశాడనీ, మనిషి ఒంట్లో బొడ్డు పైన ఒక లోకం, కింద ఒక లోకం ఉన్నాయని ఆ యోగి చెప్పాడనీ, ఆ మాట తనకి నచ్చిందనీ చెప్పుకున్నారు. ఎవరి మనసైనా ఉపన్యాసంతో మారదు, మంచివాడి సహవాసంతో మారితే మారవచ్చు అనీ అన్నారు. తన దారి మీద గట్టిగా నిలబడి, అవతలివాడి మాట చెవిన పెట్టడం ఆయన తీరు.

అక్కడి నుంచి హుమాయూన్ సమాధి ముఖద్వారానికి చుట్టూ తిరిగి రావాలి. భారతీయులకి టిక్కెట్టు 40 రూపాయలు, విదేశీయులకి 600. అందరూ గుమ్మటం ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. దారా షికోహ్ కోసం వచ్చేవాళ్ళు వెతకవలసింది ఆయన సమాధి. ఉపనిషత్తులని ఫారసీలోకి తెచ్చిన ఆ యువరాజుని తమ్ముడు ఔరంగజేబు 1659లో చంపించి, ఇక్కడే పూడ్పించాడు. అక్బర్ కొడుకులు దానియాల్, మురాద్ ఉన్న గుమ్మటం కింది గదిలో అని ఆనాటి రాజచరిత్ర ఆలంగీర్‌నామా చెబుతుంది. చుట్టూ పేరు చెక్కని సమాధులు నూటికి పైగా ఉన్నాయి. ఏది ఆయనదో తేల్చమని 2020లో కేంద్ర ప్రభుత్వం పురావస్తు నిపుణుల సంఘాన్ని వేసింది. కాపలావాళ్ళని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సమాధి చూపిస్తారు. ఇక్కడ ఏ సమాధి అని చూడకుండా గాలిలో ఫాతిహా, అంటే పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, చదివి వెళ్ళిపోయే ఆచారమే సరైనదనిపించింది.

సాయంత్రం కవ్వాలీకి, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకి ముందే దర్గా వాకిట్లో చేరి కూర్చోవాలి. కవ్వాళ్ళు సమాధి గుమ్మానికి ఎదురుగా కూర్చుంటారు, జనానికి కాదు. వాళ్ళకీ గుమ్మానికీ మధ్య దారి ఖాళీగా ఉంచాలి. వినేవాళ్ళు రెండు పక్కలా కూర్చుంటారు. తెలియనివాళ్ళు సెల్‌ఫోను ఎత్తుకుని ఆ ఖాళీలోకే వచ్చి నిలబడతారు, పెద్దలు చెయ్యి ఊపి పక్కకి పంపుతారు. డబ్బు ఇవ్వాలనిపిస్తే కవ్వాల్ మీద విసరకూడదు. అక్కడ కూర్చున్న వాళ్ళలో పెద్దాయన ఎదుట మనం వంగి రెండు చేతులతో నోటు ఇస్తే, ఆయన తాకి కవ్వాల్‌కి అందిస్తారు. పది రూపాయలకీ అయిదు వందలకీ ఇదే పద్ధతి.

వరస కూడా ఉంది. మొదట కౌల్, అంటే ప్రవక్త తన అల్లుడు అలీ గురించి అన్న మాటకి ఖుస్రో కట్టిన బాణీ. తర్వాత దేవుడి స్తుతి, ప్రవక్త స్తుతి, గురువుల స్తుతి. ఆ తర్వాతే ప్రేమ గజళ్ళు. చివర రంగ్ అనే పాట, దానికి అందరూ లేచి నిలబడతారు. రాత్రి నమాజుకి పిలిచే ఇషా అజాన్ వినపడగానే ఎక్కడున్న పాదం అక్కడ ఆపేస్తారు, నమాజు అయ్యాక మళ్ళీ అందుకుంటారు. రెండు హార్మోనియంలు, ఒక డోలక్, వెనక వరసలో చప్పట్లు కొట్టే కుర్రాళ్ళు. చప్పట్లు ఒక్క మాత్ర జారితే ముందున్న పెద్దాయన వెనక్కి తిరక్కుండానే మోకాలి మీద చేత్తో సరిచేస్తాడు.

ఈ సంగీతంలో అసలు సంగతి గిరహ్, అంటే ముడి. కవ్వాల్ ఫారసీ పాదం ఒకటి రెండుసార్లు పాడి, ఆపి, దానికి ఇంకో కవి మాట ముడివేసి, మళ్ళీ మొదటి పాదానికి వస్తాడు. హరిదాసు పద్యం మధ్యలో ఆపి పిట్టకథ చెప్పి మళ్ళీ పద్యం ఎత్తుకున్నట్టు. ఆ సాయంత్రం ఖుస్రోదని చెప్పే ఫారసీ గజల్ నడుస్తోంది: రాత్రంతా ఏ చోట ఉన్నానో నాకే తెలియదు. ఆ పాదం మీద కవ్వాల్ కబీర్ దోహా, అంటే రెండు పాదాల పద్యం, వేశాడు: నా వాడి ఎరుపు ఎటు చూస్తే అటే ఉంది, ఆ ఎరుపు చూడబోయి నేనూ ఎర్రనయ్యాను. హార్మోనియం శ్రుతి మాత్రమే పట్టుకుని దోహా తాళం లేకుండా చదివాడు, చివరి మాట మీద డోలక్ పడింది, ఫారసీ పాదం తిరిగి వచ్చింది. ఖుస్రో పాటలో కబీర్ కూర్చున్నాడు, వాకిట్లో ఎవరికీ అది వింత కాలేదు. ముడి కుదరాలంటే మూడు చూడాలి: భావం ఒకటే కావాలి, దోహా చివరి మాట గజల్ పాదం మొదటి మాటకి దారి ఇవ్వాలి, రాగం చెడకూడదు. మూడోది తప్పితే పామరుడికీ తెలిసిపోతుంది. రెండోది తప్పినప్పుడు పెద్దలు తల దించుకుంటారు. చప్పట్ల కోసం ముడి మీద ముడి వేసే కుర్ర కవ్వాళ్ళు ఉన్నారు. నాలుగో దోహాకి అసలు పాదం ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

ఎవరికైనా హాల్ వస్తే, అంటే పాట పట్టి ఒంటి మీద తెలివి తప్పితే, కవ్వాల్ పాదం మార్చకూడదు. ఆ మనిషి నెమ్మదించేదాకా అదే పాదం తిప్పి తిప్పి పాడాలి. ఆ రాత్రి ఎడమ పక్కన కూర్చున్న ఒక నడివయసు ఆయనకి అలా అయింది. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, ఎవరూ ఫోను ఎత్తలేదు, పాదం చాలాసేపు తిరిగింది. ఆ నియమం ఎక్కడిదో మర్నాడు వెళ్ళే మెహ్రౌలీలో చెబుతారు.

శుక్రవారం, మెహ్రౌలీ

జుమ్మా రోజు కాబట్టి పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళి పదకొండుకి బయటపడాలి. కుతుబ్ మినార్ మెట్రో నుంచి షేర్ ఆటో 20 రూపాయలు. అధమ్ ఖాన్ సమాధి దగ్గర దిగి బజారు సందులో నడవాలి.

ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఇక్కడ పోయారు. నిజాముద్దీన్ గురువుకి గురువు. కవ్వాలీ సభలో అహ్మద్-ఎ-జామ్ పద్యం వింటూ పోయారు: సమర్పణ కత్తికి బలైనవాళ్ళకి ప్రతి క్షణం అదృశ్యం నుంచి కొత్త ప్రాణం వస్తుంది. మొదటి పాదానికి ప్రాణం పోయేది, రెండో పాదానికి తిరిగి వచ్చేది, ఇలా నాలుగు రోజులు సాగిందనీ, చివరికి మొదటి పాదం దగ్గరే ఆగిపోయిందనీ చెబుతారు. హాల్‌లో ఉన్న మనిషి ముందు పాదం మార్చకూడదనే నియమానికి ఈ మరణమే ఆధారం.

నిజాముద్దీన్‌లా ఇక్కడ తొక్కిసలాట లేదు. అడిగే ఖాదిములు కూడా తక్కువ. ఆడవాళ్ళకి ఇక్కడా లోపలి ఆవరణలోకి ప్రవేశం లేదు, జాలీ పక్కన చోటు ఉంది. మొగల్ చక్రవర్తి ఫరూఖ్‌సియార్ పెట్టించిన పాలరాతి తెరలు, పశ్చిమం గోడ మీద రంగు పలకలు తీరిగ్గా చూడొచ్చు. నైవేద్యంగా తెచ్చిన ఇలాయచీ దానా, అంటే ఏలకుల చక్కెర పలుకులు, చారెడు చేతిలో పోస్తారు, అక్కడే తినెయ్యకుండా కొంత ఇంటికి తీసుకెళ్ళాలని పక్కనున్న ముసలామె చెప్పింది, జేబులో వేసుకోవడానికి కాగితం కూడా తనే ఇచ్చింది.

గాంధీ 1948 జనవరి 27న ఈ దర్గాకి వచ్చాడు. విభజన అల్లర్లలో దర్గా దెబ్బతింది, చుట్టుపక్కల ముసల్మానులు ఊరు వదిలి పారిపోయారు. జనవరి 13న గాంధీ మొదలుపెట్టిన నిరశన విరమించడానికి ఢిల్లీ పెద్దలు ఒప్పుకున్న షరతుల్లో ఖ్వాజా ఉరుసు ఎప్పటిలా నిర్భయంగా జరగాలన్నది ఒకటి. ఉరుసు జరిగింది, ఆయన వచ్చి మాట్లాడాడు. మూడు రోజులకి హత్యకి గురయ్యాడు. మతాల మధ్య శాంతి గురించి పెద్ద పెద్ద మాటలు చాలా విన్నాం. ఒక ఉరుసు ఆగకూడదు, దానికి వెళ్ళే మనిషికి దారిలో దెబ్బ తగలకూడదు అని ఇంత సూటిగా అడిగినవాళ్ళు అరుదు.

అక్కడి నుంచి యోగమాయ గుడి నడిచి వెళ్ళేంత దూరం. కృష్ణుడికి బదులు కంసుడి చేతికి చిక్కి ఆకాశానికి ఎగిరిన యోగమాయ ఇక్కడి దేవత. ఫూల్‌వాలోం కీ సైర్ పండగలో పూల విసనకర్ర ఒకటి ఈ గుడికి, ఒకటి దర్గాకి ఊరేగింపుగా తెస్తారు. మొగల్ చక్రవర్తి రెండో అక్బర్ కొడుకు మీర్జా జహంగీర్‌ని ఆంగ్లేయులు అలహాబాదుకి పంపేస్తే, తిరిగొస్తే ఖ్వాజాకి పూల చాదర్ సమర్పిస్తానని తల్లి మొక్కుకుంది. వచ్చాడు, మొక్కు తీర్చింది, గుడికీ పూలు వెళ్ళాయి. క్విట్ ఇండియా రోజుల్లో, 1942లో ఆంగ్లేయులు ఆపించారు. 1960ల మొదట్లో నెహ్రూ చొరవతో మళ్ళీ మొదలైంది. పండగ వానలు వెళ్ళాక వస్తుంది, కాబట్టి చలికాలం వెళ్ళినవాళ్ళకి గుడీ దర్గా మాత్రమే కనిపిస్తాయి. పూజారిని అడిగితే ఆ విసనకర్ర ఎక్కడ కడతారో చేత్తో చూపించాడు.

సాయంత్రం తిరిగి బస్తీకి. హజ్రత్ ఇనాయత్ ఖాన్ దర్గాలో శుక్రవారం కవ్వాలీ ఉంటుంది. చెట్టు నీడ, శుభ్రమైన గచ్చు, పాతిక ముప్ఫై మంది. పాట మాటమాటా వినపడాలనుకునేవాళ్ళు పెద్ద దర్గా కంటే ఇక్కడికి రావాలి. బరోడాలో పుట్టిన ఈ వీణ విద్వాంసుడు 1910లో అమెరికా వెళ్ళి సూఫీ మార్గాన్ని పాశ్చాత్యులకి పరిచయం చేశాడు. ఆయనకి గురువు దొరికింది హైదరాబాదులో, సయ్యద్ అబూ హాషిమ్ మదనీ. మహబూబ్ అలీ ఖాన్ నిజాం కొలువులో పాడి మెప్పు పొందిందీ అక్కడే.

శనివారం, కశ్మీరీ గేట్, జామా మసీదు

కశ్మీరీ గేట్ దగ్గర విశ్వవిద్యాలయ ఆవరణలో దారా షికోహ్ లైబ్రరీ ఉంది. ముందు వైపు తెల్ల స్తంభాలు ఆంగ్లేయుల కాలం నాటివి. పక్కకి వెళ్ళి పునాది దగ్గర చూస్తే ఎర్రరాతి మొగల్ కట్టడం తెలుస్తుంది. ఇప్పుడు లోపల విభజన మ్యూజియం నడుస్తోంది. సోమవారం సెలవు.

దారా 1655లో మజ్మవుల్ బహ్రైన్ రాశాడు. సూఫీలు వాడే మాటలనీ వేదాంతులు వాడే మాటలనీ పక్కపక్కన పెట్టి పోల్చిన చిన్న పుస్తకం. 1657లో కాశీ పండితులని ఢిల్లీకి రప్పించి, యాభై ఉపనిషత్తులని ఫారసీలోకి తెచ్చి సిర్ర్-ఎ-అక్బర్ అని పేరు పెట్టాడు. ఖురాన్ 56వ సూరాలో, అంటే అధ్యాయంలో, చెప్పిన దాగిన గ్రంథం ఉపనిషత్తులేనని ముందుమాటలో రాశాడు. ఇది మర్యాద కోసం అన్న మాట కాదు, తన గ్రంథం తనకి చూపించిన దారిలో వెతుక్కుంటూ వెళ్ళి ఉపనిషత్తుల దగ్గర ఆగాడు. ఆ ఫారసీ పుస్తకమే ఫ్రెంచి పండితుడు ఆంకెతీ దూపెరాఁ చేతిలో లాటిన్ అయి 1801-02లో అచ్చయింది, జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ చేతికి చేరింది. యూరప్ ఉపనిషత్తులని మొదట చదివింది ఒక ముసల్మాను యువరాజు కళ్ళతోనే.

మధ్యాహ్నం జామా మసీదు వైపు. చలికాలం కాబట్టి దారిలో దౌలత్ కీ చాట్ దొరికింది, దొన్నె 70 రూపాయలు. పాల నురగ, కుంకుమపువ్వు, కోవా పొడి. మధ్యాహ్నం దాటితే నురగ కూలిపోతుంది, పొద్దున్నే తినడం మేలు. నహారీ అనే మాంసం పులుసు కూడా పొద్దుటి వంటకమే. మిట్టమధ్యాహ్నం దొరికేది అడుగున మిగిలి ముద్దగట్టినది.

మసీదు తూర్పు గేటు మెట్లు దిగి, మీనా బజారు వైపు రెండు సమాధులు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒక సగం పచ్చ, ఒక సగం ఎరుపు. పచ్చది హరే భరే షాది, ఎర్రది సర్మద్‌ది. గోడలు, చాదర్, దారాలు, అన్నీ ఎరుపే. ఇక్కడ ఆడవాళ్ళకి అడ్డు చెప్పలేదు. పూలు 30 రూపాయలు, రిజిస్టర్ పుస్తకం లేదు. కూర్చున్నంతసేపు కూర్చోవచ్చు.

సర్మద్ ఇరాన్ వైపు నుంచి వచ్చిన యూదు వర్తకుడు. సింధులోని ఠట్టాలో అభయ్‌చంద్ అనే హిందూ కుర్రవాడి మీద ప్రేమతో వ్యాపారం, బట్టలు, అన్నీ వదిలేశాడు. ఢిల్లీలో దారాకి దగ్గరయ్యాడు, ఆ దారా ఓడాక ఆయనకీ కాలం మూడింది. ఇస్లాం విశ్వాసవాక్యం షహాదా చదవమంటే లా ఇలాహ, దేవుడు లేడు, అని సగం దగ్గర ఆగి, మిగతా సగం, అంటే అల్లా తప్ప అన్న మాట, నేనింకా చేరలేదు, చేరకుండా ఎలా పలకను అన్నాడట. 1660-61 ప్రాంతంలో మసీదు దగ్గరే తల నరికారు. రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, మిగిలాయి, వాటిలో కాబా అన్నా గుడి అన్నా వాడి వెలుగేనన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఢిల్లీకి రాకముందు సర్మద్ హైదరాబాదులో ఉన్నాడు. మతాలన్నిటి గురించి రాసిన దబిస్తాన్ గ్రంథకర్త ఆయన్ని 1647లో అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో ఉన్న మన ఊళ్ళోనే కలిశాడు. యూదుల మతం గురించిన అధ్యాయం సర్మద్ చెబితే రాసుకున్నాడు. అభయ్‌చంద్ ఫారసీలోకి మార్చిన తౌరాత్ మొదటి భాగాన్ని సర్మద్ సరిచూశాక ఆ పుస్తకంలో చేర్చాడు. యూదుల గ్రంథాన్ని ఒక హిందువు ఫారసీలో చెప్పాడు, గురువుగా దిద్దింది యూదుడిగా పుట్టి ఫకీరైన మనిషి, రాసుకున్నది ఇంకో మతం వాడు. హైదరాబాదు చరిత్ర చెప్పేటప్పుడు చార్మినార్, బిర్యానీలతో పాటు ఈ మాటా చెప్పుకోవాలి.

సర్మద్ సమాధి నుంచి ఎర్రకోట వైపు కొద్ది దూరం నడిస్తే మౌలానా ఆజాద్ సమాధి తోట వస్తుంది. పడుచు వయసులోనే, 1910లో, ఆజాద్ సర్మద్ మీద వ్యాసం రాశాడు. తోట గేటు ఒక్కోసారి మూసి ఉంటుంది, పక్క గేటు దగ్గర కాపలా మనిషిని అడిగితే తీస్తాడు. సాయంత్రం చీకటిపడేలోపు వెళితే రెండూ ఒకే నడకలో అయిపోతాయి.